పాల ప్యాకెట్ మీద కోపం, కాంట్రాక్టు మీద మౌనం

2024 మార్చి 14న ఎన్నికల బాండ్ల జాబితా బయటికొచ్చింది. ఆనాటి నుంచి మన వైపు చదువుకున్నవాళ్ల నోట ఒక మాట స్థిరపడిపోయింది. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో తేలిపోయింది కాబట్టి ఆ కంపెనీ సరుకును అంగడిలో ముట్టుకోకూడదు అని. ఓటు ఐదేళ్లకొకసారి వేస్తాం, దుడ్లు రోజూ ఖర్చుపెడతాం, ఆ దుడ్లతోనే షావుకార్లకు బుద్ధి చెప్పాలి అని. తిరుపతి టీ అంగళ్ల దగ్గర, చిత్తూరు కోర్టు ఆవరణలో, కాలేజీ స్టాఫు రూముల్లో ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు అరుదు. చెబితే షావుకార్ల పక్షం మాట్లాడుతున్నాడంటారు.

నేను షావుకార్ల పక్షం కాదు. కంపెనీలు పార్టీలకు డబ్బు పోయడం ఈ దేశ రాజకీయాలకు పట్టిన పెద్ద రోగమని నమ్మేవాణ్ణి. అందుకే ఈ సరుకు మానేసే పిలుపు తప్పుదారి అంటున్నాను. అది చందా ఇచ్చినవాడిని తాకదు. పాలు పోసే రైతును తాకుతుంది, కార్ఖానాలో పనిచేసే పిల్లోణ్ణి తాకుతుంది. పైగా మన జిల్లాల్లో అది జనం చేతిలో ఎన్నడూ లేదు. పార్టీల చేతిలోనే ఉంది.

ముందు ఆ జాబితానే చూద్దాం. 2018 మార్చి నుంచి 2024 జనవరి దాకా అమ్ముడైన బాండ్ల విలువ 16,518 కోట్ల రూపాయలు. వివరాలు బయటపడింది 2019 ఏప్రిల్ 12 తర్వాతి వాటికి మాత్రమే. అందులో అందరికన్నా పైనున్నది కోయంబత్తూరు లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. మూడోది క్విక్ సప్లై చెయిన్, 410 కోట్లు. ఆ తర్వాతి వరసలో గనుల కంపెనీ వేదాంత, కరెంటు కంపెనీ హల్దియా ఎనర్జీ. ఈ అయిదింటిలో మీ వీధి చివరి అంగట్లో దొరికే సరుకు ఏదో చెప్పండి. వైసీపీకి బాండ్ల ద్వారా వచ్చిన 337 కోట్లలో 154 కోట్లు ఆ లాటరీ కంపెనీవే. మన రాష్ట్రంలో లాటరీ టికెట్ల అమ్మకమే లేదు. జన్మలో టికెట్ కొనని చంద్రగిరి మనిషి ఇప్పుడు ఏం కొనడం మానేయాలి?

మేఘా సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆ కంపెనీ సొంత పేరుతో, అనుబంధ సంస్థల పేర్లతో కలిపి కొన్న బాండ్లు 1,200 కోట్లు దాటాయి. ఎక్కువ భాగం బీజేపీకి వెళ్లింది. అప్పట్లో తెలంగాణలో అధికారంలో ఉన్న బీఆర్ఎస్‌కు 195 కోట్లు, అప్పుడు తమిళనాడులో అధికారంలో ఉన్న డీఎంకేకు 85 కోట్లు, అప్పటికి మన దగ్గర అధికారంలో ఉన్న వైసీపీకి 37 కోట్లు అందాయి. టీడీపీకీ ముట్టింది, కాంగ్రెస్‌కూ ముట్టింది. ఏ రాష్ట్రంలో ఎవరు కుర్చీలో ఉంటే వాళ్లకు వాటా పెరిగింది. ఈ కంపెనీకి సిద్ధాంతం లేదు, కొనుగోలుదారుడు ఉన్నాడు. ఆ కొనుగోలుదారుడి పేరు ప్రభుత్వం.

తిరుపతి వాళ్లకు ఇది దూరం మాట కాదు. 2022 సెప్టెంబరులో అలిపిరి దగ్గర జెండా ఊపి మొదలుపెట్టిన తిరుమల ఎలక్ట్రిక్ బస్సులు మేఘా గ్రూపు ఒలెక్ట్రా తయారుచేసినవి. నడుపుతున్నది అదే గ్రూపు ఈవీ ట్రాన్స్. బాండ్లు కొన్నవాళ్లలో ఈవీ ట్రాన్స్ పేరు కూడా ఉంది. ఇప్పుడు బహిష్కరించండి చూద్దాం. కొండకు పోయే ముసలాయన, చంకలో బిడ్డ ఉన్న తల్లి ఏ బస్సు ముందొస్తే అది ఎక్కుతారు. పట్టుదల ఉన్న నలుగురు ఆ బస్సు వదిలేసి మెట్లదారి పట్టారనుకుందాం. కంపెనీకి ఒక్క రూపాయి తగ్గదు. ఎందుకంటే ఆ బస్సుకు డబ్బిచ్చేది మనం కొన్న టికెట్ కాదు. బస్సు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ ఇంతని ఆర్టీసీ కంపెనీకి చెల్లిస్తుంది, అది ఒప్పందం. సీట్లు ఖాళీగా పోతే నష్టం ఆర్టీసీది. ఆర్టీసీ నష్టం మళ్లీ మన పన్నుల్లో తేలుతుంది. షావుకారిని కొట్టబోయి మన జేబుకే చిల్లు పెట్టుకోవడం అంటే ఇదే.

పోలవరం ప్రాజెక్టు కథ కూడా గుర్తుచేసుకోవాలి. 2019లో ప్రభుత్వం మారగానే నవయుగ కంపెనీ చేతిలోని పనిని రద్దుచేసి రివర్స్ టెండరుతో మేఘాకు ఇచ్చారు. ఒక పార్టీ వాళ్లు పాత కంపెనీని తిట్టారు, ఇంకో పార్టీ వాళ్లు కొత్త కంపెనీని తిట్టారు. బాండ్ల జాబితా వచ్చాక చూస్తే ఇద్దరూ అందులో ఉన్నారు. నవయుగ 55 కోట్ల బాండ్లు కొని బీజేపీకి ఇచ్చింది. తిరుపతిలో కూర్చుని పోలవరం స్పిల్‌వేను కొనకుండా ఉండగల వినియోగదారుడు ఎవరూ లేరు. హంద్రీ-నీవా కాలువనూ అంతే, గాలేరు-నగరినీ అంతే, హైవేనూ అంతే. పెద్ద చందాలు ఇచ్చే కంపెనీల సరుకు మన సంచిలోకి రాదు. బడ్జెట్‌లోకి వస్తుంది.

ఇంటి దాకా వచ్చే సరుకు తయారుచేసే కంపెనీలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. మందుల కంపెనీలున్నాయి. డాక్టర్ రెడ్డీస్, దివీస్, నాట్కో, హెటెరో, ఎంఎస్ఎన్, అరబిందో అన్నీ బాండ్లు కొన్నాయి. స్విమ్స్‌లో, రుయా ఆసుపత్రిలో వరసలో నిలబడ్డ రోగి చీటీలో రాసిన మాత్ర ఏ కంపెనీదో చూసి మింగుతాడా? మింగకుండా వెనక్కిస్తాడా? ఆ మాట ఆయన ముందు అనగలిగే ధైర్యం బహిష్కరణ వాదులకు ఉందా? పైగా ఈ కంపెనీల రాబడిలో పెద్ద వాటా విదేశాలకు ఎగుమతి చేసే మందులది. మన చీటీ మీద అలిగితే వాళ్లకు తెలియను కూడా తెలియదు.

అరబిందో ఉదాహరణ ఒక్కటి వివరంగా చెప్పుకోవాలి. అప్పట్లో ఆ కంపెనీ డైరెక్టరుగా ఉన్న శరత్‌చంద్రారెడ్డిని ఢిల్లీ మద్యం కేసులో ఈడీ 2022 నవంబరు 10న అరెస్టు చేసింది. అయిదు రోజుల తర్వాత, నవంబరు 15న, కంపెనీ 5 కోట్ల బాండ్లు కొంది. అవి బీజేపీకి చేరాయి. 2023 జూన్‌లో ఆయన అప్రూవరుగా మారారు. ఆ ఏడాది నవంబరులో మరో 25 కోట్లు అదే పార్టీకి వెళ్లాయి. మొత్తం 52 కోట్లలో బీజేపీకి 34.5 కోట్లు, బీఆర్ఎస్‌కు 15 కోట్లు, టీడీపీకి 2.5 కోట్లు. ఈ తేదీల మధ్యలోనే, 2023 ఆగస్టులో, అప్పటి వైసీపీ ప్రభుత్వం ఆయన్ను తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి సభ్యుడిగా వేసింది. కేసులో నిందితుడిగా అరెస్టయి అప్రూవరుగా మారిన మనిషిని శ్రీవారి పాలకమండలిలో కూర్చోబెట్టారు! తిరుపతి ఊరు దీన్ని ఎలా ఎదుర్కొంది? పత్రికల్లో నాలుగు రోజులు రాశారు, ప్రతిపక్షం వాళ్లు ప్రకటనలిచ్చారు, అంతే. మన ఊరికి సంబంధించి మనం నిజంగా నిలదీయాల్సిన చోటు అది. పాలకమండలి సీటు ఏ అర్హత మీద ఇస్తున్నారు, ఇచ్చేముందు ఆ మనిషి, ఆయన కంపెనీ ఏయే పార్టీలకు ఎంతిచ్చారో ఎందుకు ప్రకటించరు అని అడగాలి. అడగలేదు. బ్రాండు పేర్లు చూసి ముఖం తిప్పుకోవడమే ప్రతిఘటన అనుకునే ఊరికి ఇలాంటి ప్రశ్న తట్టదు.

పాల విషయానికి వస్తాను. మన జిల్లాల్లో బహిష్కరణ అనగానే ముందు గుర్తొచ్చేది పాలే. 1992లో చంద్రబాబునాయుడు పెట్టిన హెరిటేజ్ ఒక పక్క. 2020 డిసెంబరులో జగన్ ప్రభుత్వం పాలవెల్లువ పేరుతో తెచ్చిన అమూల్ ఇంకో పక్క. పుంగనూరు వైపు వైసీపీ నాయకుడు పెద్దిరెడ్డి కుటుంబానికి చెందిన శివశక్తి డెయిరీ. ఇన్నిటికీ వెనక, 2002లో మూతపడ్డ చిత్తూరు సహకార డెయిరీ జ్ఞాపకం. హెరిటేజ్ కోసమే దాన్ని చంపారని ఒక పార్టీ అంటుంది. నష్టాల వల్ల మూతపడిందని ఇంకో పార్టీ అంటుంది. 2023 జులై 4న దాన్ని అమూల్ చేత 385 కోట్లతో తెరిపిస్తామని జగన్ భూమిపూజ చేశారు. ఇలా పాల ప్యాకెట్ మీద పార్టీ రంగు పడింది. ఒకరు హెరిటేజ్ వద్దంటారు, ఒకరు అమూల్ వద్దంటారు, ఒకరు శివశక్తికి పోయొద్దంటారు.

ఆ పాలు ఎవరివి? వేరుశనగ నమ్ముకుని వానలు లేక చితికిపోయిన రైతు ఇంటివి. చిత్తూరు పడమటి మండలాల్లో బోరు ఎండినా ఇల్లు నిలబడిందంటే రెండు సంకర ఆవుల వల్ల. ఆ ఆవుల్ని చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లు. తెల్లారకముందే పితికి, కేంద్రానికి మోసి, వెన్న శాతం ఎంత చూపిస్తే అంతకు తలూపి, బిల్లు రోజు కోసం ఎదురుచూసే మనిషి ఆమె. తన ఊళ్లో ఏ కంపెనీ కేంద్రం ఉంటే దానికే పోస్తుంది. ఆ కంపెనీ యజమాని ఏ పార్టీ అన్నది ఆమె ఎంపిక కాదు. పట్నంలో ప్యాకెట్లు మిగిలిపోతే కంపెనీ ఏం చేస్తుంది? సేకరణ తగ్గిస్తుంది, శాతం మీద కోత పెడుతుంది, రేటు రూపాయో రెండో దించుతుంది. యజమాని జోలికి పోకముందే దెబ్బ ఆ పశువుల కొట్టంలో పడుతుంది. రేపటిదాకా ఆగమంటే ఆవు ఆగదు. కోపం చూపించాలనుకున్నది పార్టీ నాయకుడి మీద, కడుపు కొట్టింది పేరు కూడా తెలియని ఆడమనిషిది. ఇది న్యాయమని నా ముందు ఎవరూ వాదించి నెగ్గలేరు.

యజమాని నష్టపోతాడా అంటే, దానికి 2024 జూన్ జవాబు చెప్పింది. ఎన్నికల ఫలితాలకు ముందు రోజు, జూన్ 3న, హెరిటేజ్ షేరు 424 రూపాయల దగ్గర ఉంది. జూన్ 7కు 660 దాటింది. ఆ నాలుగు రోజుల్లో జనం పాలు ఎక్కువ తాగలేదు, పెరుగు ఎక్కువ తినలేదు. కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో చూసి మార్కెట్ విలువ కట్టింది. రాజకీయంతో ముడిపడిన కంపెనీ లాభం అంగట్లో తేలదని స్టాకు మార్కెట్‌కు తెలుసు. మనం మాత్రం అంగట్లోనే వెతుకుతున్నాం.

షావుకారి రాజకీయం చూసి అతని వ్యాపారాన్ని శిక్షించడం అనే ఆలోచన ప్రభుత్వం చేతిలో పడితే ఎలా ఉంటుందో కూడా మనం కళ్లారా చూశాం. అమరరాజా బ్యాటరీల కంపెనీ కథ తిరుపతిలో అందరికీ తెలిసిందే, కానీ అందులోంచి తీసుకోవాల్సింది మాత్రం తీసుకోలేదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో పెట్టిన సంస్థ అది. కరకంబాడి కార్ఖానాలో ఈ చుట్టుపక్కల పల్లెల పిల్లలు వేలమంది కుదురుకున్నారు. ఆయన కొడుకు జయదేవ్ 2014లో, 2019లో గుంటూరు నుంచి టీడీపీ ఎంపీ. 2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2020లో నూనెగుండ్లపల్లి దగ్గర ఆ సంస్థకిచ్చిన భూమిలో 253 ఎకరాలు వెనక్కి తీసుకుంటూ ఉత్తర్వు వచ్చింది. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లి కార్ఖానాలు మూసేయమంది. మే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. 2022 డిసెంబరులో అమరరాజా 9,500 కోట్ల కొత్త బ్యాటరీ కార్ఖానాకు తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లికి పోయింది. 2024 జనవరిలో జయదేవ్ రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు.

ఈ కథను ఒకరు కక్షసాధింపు అంటారు, ఒకరు విషం కక్కే కార్ఖానాకు పడ్డ శిక్ష అంటారు. నా బాధ ఈ రెండూ కాదు. కాలుష్య మండలి ఎత్తిన విషయం చిన్నది కాదు. నేలలో, నీళ్లలో, కార్మికుల రక్తంలో సీసం ఎంత ఉందన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. యజమాని ఏ పార్టీ అన్న గొడవలో ఆ ప్రశ్న మునిగిపోయింది. ఒక వర్గానికి సీసం అనే మాట ఎత్తినవాడు జగన్ మనిషి. ఇంకో వర్గానికి కార్ఖానా ఉండాలన్నవాడు గల్లావాళ్ల మనిషి. మధ్యలో ఆ కార్మికుడి రక్తపరీక్ష కాగితం ఎవరికీ పట్టలేదు. ప్రభుత్వం మారాక రాజకీయ వేదికల మీద సీసం మాటే వినపడడం లేదు. యజమాని రాజకీయాన్ని బట్టి సరుకును తూచడం అలవాటయిన సమాజానికి జరిగే నష్టం ఇదే. సరుకులోని మంచిచెడ్డలు, పని చోటు మంచిచెడ్డలు, చుట్టూ ఉన్న ఊరి మంచిచెడ్డలు అన్నీ పార్టీ జెండా వెనక దాక్కుంటాయి.

ఇంకో మాట పైకి అనరు కాబట్టి నేనే అంటాను. మన దగ్గర తిరిగే బహిష్కరణ జాబితాల్లో చాలావరకు చందా లెక్కలు ఉండవు. కులం లెక్కలు ఉంటాయి. ఫలానా సిమెంటు వద్దు, ఫలానా ఆసుపత్రి వద్దు, ఫలానా సినిమా వద్దు, ఫలానా నగల అంగడి వద్దు అనే పిలుపుల వెనక ఆ యజమాని ఇంటిపేరు తప్ప మరో ఆధారం కనిపించదు. నిజంగా చందాలే కొలమానమైతే రెండు పార్టీలకూ ఇచ్చిన కంపెనీలను ఇద్దరూ మానేయాలి కదా! ఎవరూ మానరు. తమవాడు ఇస్తే సహాయం, ఎదుటివాడు ఇస్తే లంచం. ఈ కొలమానంతో నడిచే ఉద్యమానికి పౌరుల ఒత్తిడి అనే గౌరవం ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

అమెరికాను చూపిస్తారు. 2010లో టార్గెట్ అనే గొలుసు దుకాణాల సంస్థ మిన్నెసోటా ఎన్నికల్లో ఒక సంఘానికి లక్షా యాభై వేల డాలర్లు ఇచ్చింది. జనం అంగళ్ల ముందు నిలబడ్డారు. సంస్థ అధిపతి క్షమాపణ చెప్పుకున్నాడు. నిజమే. కానీ ఆ చందా సంగతి ఎన్నికలు జరగకముందే జనానికి తెలిసింది, ఎందుకంటే బయటపెట్టమని చట్టం ఉంది. అంగడి ముందు నిలబడ్డవాళ్లతో పాటు, ఆ సంస్థలో వాటాలున్న పెట్టుబడి సంస్థలు కూడా తీర్మానాలు పెట్టి నిలదీశాయి. ఈ రెండో భాగం మనవాళ్లు చెప్పరు. ఎలాన్ మస్క్ 2024 ఎన్నికల్లో 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాక జనం టెస్లా షోరూముల ముందు నిలబడ్డారు, 2025 మొదటి మూడు నెలల్లో కార్ల అమ్మకాలు 13 శాతం పడిపోయాయి. అదీ నిజమే. టెస్లా కారును కొనేది ఇంటివాడు. మేఘా తవ్వే సొరంగాన్ని కొనేది ఇంటివాడు కాదు. ఇక 2020లో గోయా అనే ఆహార సంస్థ అధిపతి ట్రంప్‌ను పొగిడాడని ఒక వర్గం మానేస్తే, ఇంకో వర్గం పోటీగా బస్తాలకొద్దీ కొంది. అమ్మకాలు పెరిగాయి. కొన్ని వారాల్లో అంతా చల్లబడింది. మన పాల ప్యాకెట్ల గొడవకు దగ్గరి చుట్టం ఆ కథే.

మరి చేతులు ముడుచుకుని కూర్చోమంటావా అని అడుగుతారు. కూర్చోమనను. చేతులు ఎక్కడ పెట్టాలో మన పక్క జిల్లా ఆడవాళ్లే చూపించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. సారా తాగొద్దని మగవాళ్ల కాళ్లు పట్టుకోవడంతో ఆగిపోయి ఉంటే ఆ ఉద్యమం ఊరి పొలిమేర దాటేది కాదు. వాళ్లు సారా అంగడి మూయించారు, ఆ తర్వాత వేలంపాటలకు అడ్డం పడ్డారు. ప్రభుత్వానికి, కాంట్రాక్టరుకు మధ్య జరిగే లావాదేవీ దగ్గర నిలబడ్డారు. అది రాయలసీమకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు కనుక్కున్న చోటును డిగ్రీలున్న మనం ఎందుకు వదిలేస్తున్నాం?

బాండ్ల గుట్టు రట్టు చేసింది కూడా అలాంటి పట్టే. ఏ బహిష్కరణ పిలుపూ ఆ జాబితాను బయటికి లాగలేదు. ఎన్నికల సంస్కరణల సంస్థ ఏడీఆర్, కామన్ కాజ్, సీపీఎం వంటి పిటిషనర్లు ఏళ్ల తరబడి సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ పథకాన్నే కొట్టేసింది. కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం మించి ఇవ్వకూడదన్న హద్దును 2017లో ఎత్తేశారు. ఆ సవరణ కూడా చెల్లదంది. ఏ పార్టీకి ఎంతిచ్చారో లాభనష్టాల ఖాతాలో పేరుతో సహా చూపాలన్న పాత నియమం తిరిగి ప్రాణం పోసుకుంది. కంపెనీల చట్టం 182వ సెక్షన్ అది. ఈ సెక్షన్ సంఖ్యను తిరుపతిలో ఎంతమంది ఎరుగుదురు? ఏ ప్యాకెట్ కొనకూడదో ఎరిగినవాళ్లతో పోలిస్తే ఎంతమంది?

1957లో టాటా ఉక్కు కంపెనీ పార్టీలకు డబ్బివ్వడానికి వీలుగా తన నిబంధనలు మార్చుకోబోతే, ఒక వాటాదారు బొంబాయి హైకోర్టుకు పోయాడు. చట్టం అడ్డురాలేదు కాబట్టి కంపెనీయే గెలిచింది. కానీ ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఆ తీర్పులోనే ఇది ప్రజాస్వామ్యానికి ప్రమాదమని, పార్లమెంటు ఆలోచించాలని హెచ్చరించారు. ఆ హెచ్చరికకు కారణం కొనుగోలుదారు కాదు, వాటాదారు.

మనలో వాటాదార్లు లేరా? హెరిటేజ్‌లో, అమరరాజాలో, అరబిందోలో వాటాలున్నవాళ్లు ఈ రెండు జిల్లాల్లో ఉన్నారు. ఇప్పుడు సర్వసభ్య సమావేశాలు వీడియోలో జరుగుతున్నాయి. పది షేర్లున్నవాళ్లు కూడా ముందుగా పేరు నమోదు చేసుకుని మాట్లాడవచ్చు. షేర్లు లేనివాళ్ల సంగతీ చూడండి. శ్రీసిటీలో పనిచేసే కుర్రాడి పీఎఫ్ డబ్బులో కొంత భాగం 2015 నుంచి షేర్ మార్కెట్‌కు వెళ్తోంది. ఎల్ఐసీ పాలసీ డబ్బు పెద్ద కంపెనీల్లో వాటాలుగా ఉంది. అంటే పార్టీ ఖాతాలోకి పోతున్న ఆ చందాలో మన సొమ్మూ ఉంది. బ్రిటన్‌లో 2000లో వచ్చిన నియమం ప్రకారం పార్టీలకు డబ్బిచ్చే ముందు కంపెనీ తన వాటాదార్ల అనుమతి తీసుకోవాలి. మన దగ్గర డైరెక్టర్ల బోర్డు తీర్మానం ఒక్కటుంటే చాలు. ఈ తేడా మీద మన ఎంపీలను ఒక్కసారైనా అడిగామా?

అమెరికాను ఎలాగూ చూపించారు కాబట్టి అక్కడి ఇంకో నియమం కూడా తెచ్చుకుందాం. కేంద్ర ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు చేస్తున్న సంస్థ ఎన్నికల చందా ఇవ్వకూడదని 1940 నుంచీ అక్కడ చట్టం ఉంది. దానికి సందులున్నాయి, నిజమే, కానీ గీత అయితే గీశారు. మన దేశంలో విదేశీ కంపెనీకి, ప్రభుత్వ కంపెనీకి నిషేధం ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టు చేసే ప్రైవేటు కంపెనీకి మాత్రం లేదు. కాలువ తవ్వేవాడు, సొరంగం వేసేవాడు, బస్సు నడిపేవాడు, మీటరు బిగించేవాడు నిన్న టెండరు గెలిచి ఇవాళ చందా ఇవ్వవచ్చు. లేక నిన్న చందా ఇచ్చి ఇవాళ టెండరు గెలవవచ్చు. ఈ ఒక్క తలుపు మూస్తే జాబితాలో పైనున్న పేర్లలో చాలా వాటికి పార్టీ ఆఫీసుతో పని ఉండదు. బాండ్లు పోయాక డబ్బు ఎలక్టోరల్ ట్రస్టుల దారి పట్టింది. పది కంపెనీలు ఒక ట్రస్టులో వేస్తాయి, ట్రస్టు నాలుగు పార్టీలకు పంచుతుంది. ఎవరి రూపాయి ఎవరికి చేరిందో మళ్లీ మసకబారింది. ఇక ఏ సరుకు మానేయాలో చెప్పమనండి ఆ బహిష్కరణ జాబితా రాసేవాళ్లను.

ఎవరైనా ఒక కంపెనీ పాలు తాగడం తన మనసుకు రుచించక మానేస్తే అది ఆ మనిషి ఇష్టం, దాన్ని నేను తప్పుపట్టను. అది అంతరాత్మ వ్యవహారం. దాన్ని ఒత్తిడి అని పిలిచి, పని జరిగిపోయిందని సంతృప్తి పడి, అసలు లావాదేవీ జరిగే గది వైపు చూడకపోవడాన్నే తప్పుపడుతున్నాను. ఈ సంతృప్తి వల్ల కాంట్రాక్టర్లకూ పార్టీలకూ ఎంతో మేలు. మనం అమూల్ వర్సెస్ హెరిటేజ్ అని కొట్లాడుకుంటున్నంతకాలం టెండరు కాగితం ఎవరూ అడగరని వాళ్లకు నమ్మకం.

అడుగుదాం. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఏటా ఛార్జీలు ఖరారు చేసేముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది, అక్కడ మామూలు వినియోగదారుడు మాట్లాడవచ్చు. మీటర్ల కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు ఏయే పార్టీలకు ఎంతిచ్చారో ప్రకటించమని అక్కడ అడగండి. తిరుమల బస్సుల ఒప్పందంలో కిలోమీటరుకు ఎంత చెల్లిస్తున్నారో సమాచార హక్కు కింద ఆర్టీసీని అడగండి. దేవస్థానం పాలకమండలిని ఈసారి వేసినప్పుడు ఒక్కో సభ్యుడి చందాల లెక్క అడగండి. మీకు వాటాలున్న కంపెనీ వార్షిక నివేదిక ఈ ఏడాది మీ మెయిలుకు వచ్చినప్పుడు 182వ సెక్షన్ కింద చూపిన అంకె వెతకండి, అక్కడ ట్రస్టు పేరుంటే ఆ ట్రస్టు ఎవరికి పంచిందో సమావేశంలో నిలదీయండి. తిరుపతి, చిత్తూరు ఎంపీలు ఎదురుపడితే, ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్న ఏ కంపెనీ పార్టీలకు చందా ఇవ్వకూడదని చట్టం తేవడానికి మీరు ఒప్పుకుంటారా లేదా, అవునో కాదో చెప్పమనండి.